దడ చాటున

నాగపూర్‌కు దక్షిణాన ఉన్న దుర్గాపూర్ బొగ్గు గని లాంప్‌రూం కిటికీ దగ్గర నిలబడి, పొద్దుటి షిఫ్టుకు దిగేవాళ్లకు పోశం టోపీ లైట్లు అందిస్తున్నాడు. అతని కుడి మోకాలు వంగదు. గని పైకప్పు పెళ్ల విరిగి మీద పడ్డాక లోపలి పని మానిపించి ఇక్కడ కూర్చోబెట్టారు. మొదట్లో సిగ్గుపడ్డాడు. తర్వాత లైటు ఇస్తూ ప్రతి ఒక్కరితోనూ "మంచిగ పో, మంచిగ రా" అనడం అలవాటైంది. వెక్కిరించినవాళ్లే పోనుపోను ఆ మాట వినందే దిగేవాళ్లు కాదు. ఆఫీసులో స్వచ్ఛంద విరమణకు వీఆరెస్ కాగితాలు పంచుతున్న ఏడాది అది. తాను తీసుకోనని భార్య రాజక్కకు తేల్చి చెప్పాడు.

ఆ పొద్దున "మంచిగ పో" అనబోయి మధ్యలోనే ఆగిపోయాడు. పక్కనే బ్యాటరీలు చూస్తున్న మొగిలి తలెత్తాడు.

"ఏందన్నా, గిన్ని చెమటలు?"

"గుండె దడదడ గొట్టుకుంటుంది. జర కూసుంటే పోతది."

మొగిలి వినలేదు. జీపులో గని ఆసుపత్రికి తీసుకుపోయాడు.

డాక్టర్ అనంతరావుకు నాడి లెక్కకు అందలేదు. ఈసీజీ కాగితం మీద గీతలు ఒకదాని మీద ఒకటి పడి పరుగెత్తుతున్నాయి.

"నొప్పి ఉందా?"

"నొప్పి గాదు సార్, బరువు. గీడ బండ వెట్టినట్టుంది."

ఇంజెక్షన్ ఇచ్చాక దడ నెమ్మదించింది. అప్పటికి రాజక్క వచ్చింది. భర్త ముఖం తేటపడటం చూసి, దారిలో కొన్న సంత్రా పండు ఒలిచింది.

"జరాగి తింట. నాకు మంచిగైంది, ఇంటికి పోదాం," అన్నాడు పోశం.

కానీ డాక్టరు చెవిలో ఆ బండ మాటే ఉండిపోయింది. మళ్లీ ఈసీజీ తీశాడు. కుదురుకున్న గీతలను మొదటి కాగితం పక్కన పెట్టి చూశాడు.

"దడ తగ్గింది గద సారూ?" రాజక్క అడిగింది.

"తగ్గిందమ్మా. దాని చాటున గుండెపోటుంది. ఆ దడలో నాకూ కనబడలేదు. వెంటనే నాగపూర్ పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి."

నాలుక కింద మాత్ర పెట్టి స్ట్రెచర్ ఎక్కించారు. పోశం మొగిలి చొక్కా పట్టుకున్నాడు.

"రెండో షిఫ్టుకు లైట్లెవరిస్తరు?"

"నేనిస్త. నువ్వు ఊకో అన్నా."

అంబులెన్సులో రాజక్క అతని చెయ్యి వదల్లేదు. భద్రావతి దాటేదాకా ఆ వేళ్లు ఆమె వేళ్లను పట్టుకునే ఉన్నాయి. వరోరా దగ్గర సడలాయి. నిద్ర పట్టిందనుకుని ఆమె దుప్పటి మెడదాకా కప్పింది.

ఇక్కడ గని ఆసుపత్రిలో, పోశం పడుకున్న పక్క మార్చడానికి ఆయా వచ్చింది. దిండు పక్కన, ఒలిచిన సంత్రా ఒక్క తొన కూడా విడిపోకుండా గుండ్రంగా ఉంది.