ముర్రుపాలు

గుడి వెనక పారేసిన అరటి తొక్కలను గిడ్డమ్మ ఏరి గంపలో వేస్తోంది. గుట్ట మీద తిరిగే దూడలకు పొద్దుటి మేత అదే. పద్దెనిమిది దూడలు, అన్నీ కోడెదూడలే. మొక్కు అని చెప్పి నరసింహస్వామి ముందు వదిలేసి, వెనక్కి తిరిగి చూడకుండా పోతారు జనం. పెయ్యదూడను మొక్కుకున్న పుణ్యాత్ముణ్ని ఈ పంతొమ్మిదేళ్లలో ఆమె ఒక్కణ్ని కూడా చూడలేదు.

ఆదోని పక్క పల్లె నుంచి కోతల వలసకు మొగుడు రంగస్వామి వెంట వచ్చిందామె. అతను ఇక్కడే జ్వరంతో పోయాడు. ఒంటరిగా ఊరికి పోయి చేసేదేముందని గుడిలో కసువు ఊడ్చే పనికి కుదిరింది. జీతం ఊడ్చినందుకే. దూడలను సాకమని ఎవరూ చెప్పలేదు. అయినా వేలు పాలలో ముంచి నోట్లో పెట్టి వాటికి తాగడం నేర్పింది. కడుపు పారుకుంటే దానిమ్మ తొక్క నూరి పోసింది. అవి చప్పరించీ చప్పరించీ ఆమె కుడిచేతి చూపుడు వేలు బండబారిపోయింది.

ఆ పొద్దున ఒక ఆటో వచ్చి ఆగింది. గుట్ట కింద డైరీ నడిపే భూపేష్ ఒక చేత్తో స్టీలు క్యాను పట్టుకుని, రెండో చేత్తో దూడను కిందికి లాగాడు. దాని నుదుట కుంకుమ పెట్టి ఉంది, ఆ మర్యాదకేం తక్కువ లేదు. నిలబడబోయి కూలబడింది దూడ. గిట్టల కింది మెత్తని పొర ఇంకా అరగనే లేదు.

"ఎప్పుడు పుట్టిందప్పా?"

"నిన్న పొద్దున. మళ్లా కోడెదూడే. సామికి ఇడుస్తాండా."

"ముర్రుపాలు తాపినావా?"

భూపేష్ క్యాను ఎత్తి చూపాడు. "మొదటి పాలు సామికి గదవ్వా. జున్ను చేసి నైవేద్యం పెట్టాల."

గిడ్డమ్మకు ఒళ్లు మండిపోయింది. పుట్టిన పూట ముర్రుపాలు కడుపులో పడకపోతే దూడ బతకదని పాడి పెట్టుకున్నోడికి తెలియదా? తెలుసు. దూడను మరిగితే ఆవు మనుషులకు పాలు చేపదని, తల్లికి చూపించకుండానే ఎత్తేస్తారు.

"ఒక గలాసు పొయ్యప్పా. సామి ఏమీ అనుకోడు."

"సామికి పెట్టకముందే ఎంగిలి చేస్తే యట్లవ్వా?"

"దూడ ఎంగిలి కాని పాలు యాడుండాయప్పా!"

అతను వినిపించుకోలేదు. పూజారి ఎదురొచ్చి క్యాను అందుకున్నాడు. గిడ్డమ్మ టీ అంగట్లో పాలు అడుక్కొచ్చి, వేలు ముంచి దూడ నోట్లో పెట్టింది. దూడ చప్పరించలేదు. నాలుక చల్లగా తగిలింది.

మధ్యాహ్నం జున్ను ప్రసాదం కాగితపు కప్పుల్లో పంచారు. రెండు చెంచాలు తిని, మిగిలింది అలాగే విసిరేసి పోయారు జనం. చీమలు పట్టిన ఆ కప్పులన్నీ ఊడ్చింది గిడ్డమ్మే.

"నీ వంతు తీసుకో గిడ్డమ్మా," అన్నాడు పూజారి.

"అది నాది గాదు సామీ," అంది.

మూడింటికి వెళ్లి చూసేసరికి దూడ మెడ పక్కకు వాలి ఉంది. ఊపిరి లేదు. గిడ్డమ్మకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. చచ్చిన దూడలను పంచాయతీ ట్రాక్టరు వాగు వంకలో పడేస్తుంది. ఆ ట్రాక్టరు కోసం ఆమె ఎదురుచూడలేదు. దండెం మీది ఎర్రంచు పాతచీర లాగి, దూడను చుట్టి, భుజాన వేసుకుని గుట్ట దిగింది.

డైరీలో అది పాలు పిండే వేళ. దూడ తల్లి ఏదో ఎవరినీ అడగనక్కర్లేకపోయింది; నిన్నటి నుంచి అరుస్తున్న ఆవు అదొక్కటే.

"సచ్చిందాన్ని యాడికి తెస్తాండావ్?" భూపేష్ అడ్డమొచ్చాడు.

ఆమె అతన్ని తోసుకుని పోయి, ఆవు ముందున్న గడ్డి తొట్టిలో దూడను దించి చీర మడత తీసింది. అరుపు ఆపి, ఆవు దూడను వాసన చూసింది. మూతి మొదలు తోక దాకా నాకసాగింది.

"ఇది బిడ్డను సూడనే లేదప్పా. సూడనీ. నువ్వూ సూడు."

భూపేష్ తల పక్కకు తిప్పుకున్నాడు.

"ఇంగ దూడనేసుకొని గుట్టెక్కే ఆటోకు నేను అడ్డం పండుకుంటా. నా మింద తోలుకొని పోండి," అని గిడ్డమ్మ వెళ్లిపోయింది. పైన దూడలకు నీళ్లు పెట్టే పొద్దయింది.

కాసేపటికి డైరీ మనుషులు వచ్చి దూడను కాళ్లు పట్టి ఈడ్చుకుపోయారు. తొట్టిలో చీర మిగిలింది. పొదుగు నుంచి పాలు నేల మీద కారుతుండగా, ఆ చీర ఎర్రంచును ఆవు నాకుతూనే ఉంది.