ఎడమఱెక్కలు రెండు

వైశాఖమాసాపరాహ్ణమున ప్రచండమార్తాండకిరణజాలసంతప్తమై సముద్రోపకంఠమందలి కాకినాడపట్టణము నిట్టూర్పు విడుచుటకైనను ఓపికలేక సోలియుండఁగా వీథులయందు దుమ్ము తప్ప మఱేమియుఁ గదలక కాకులు సైతము అఱచుట మాని చూరులక్రిందఁ జేరి నోళ్ళు తెఱచియుండఁగా, జగన్నాథపురమందలి యొక పెంకుటింటి వసారాలో లక్కోజు మౌనేశ్వరాచారి యను వృద్ధశిల్పి తన జీవితమందలి కడపటిపనికి జిగురు గాఁచుకొనుచుండెను.

నలువదియేండ్లు ద్వారబంధములును మంచములును ఊయెలతొట్లును జేసి చేసి నేల విడువని వస్తువులతో విసిగెనో యేమో, అఱువదియవయేఁట ఈ ముసలివానికి బొమ్మవిమానముపై మోజు పుట్టెను. కవాతుమైదానమున విద్యార్థులు రబ్బరుత్రాటిని మెలివెట్టి యెగురవేసిన చిన్నవిమానమును జూచిన నాఁటినుండి నిద్రాహారములు మఱచి, మదరాసునుండి పటమును, మిక్కిలి తేలికయైన బాల్సాకొయ్యను దెప్పించుకొనెను. ఇరుగుపొరుగువారు నవ్విరి. భార్య భ్రమరాంబ మాత్రము నవ్వలేదు. నీటికాసులు కమ్మిన యాతని కన్నులలోని వెలుఁగు వానకాలము రాకమునుపే యాఱిపోవునని వైద్యుఁడు చెప్పిన మాట యామె చెవినఁ బడియుండెను. తాను గట్టిన విమాన మెగురుటఁ గన్నులారఁ జూడవలెనను నొక్కకోరికయే యాతనికి మిగిలినది.

ఱెక్క వంకరపోకుండుటకై యాతఁ డొకచట్రమును గావించెను. పనివారు దానిని జిగ్గందురు. పలకపైఁ బటము నంటించి గీఁతగీఁతకును నిలువుకమ్ములు నాటి పక్కటెముకలవంటి పలుచని బద్దలను వాని నడుమ నిలిపి జిగురుపెట్టినచో నూలుపోగంత తేడాయైనను రాదు. అయితే పటమున ఎడమఱెక్క మాత్రమే గీయఁబడియుండెను. అది ముగియఁగానే దూలమునకు వ్రేలాడఁగట్టి, కుడిఱెక్కకై కాగితమును దిరుగవేసి యంటించి గీఁతలవెంటఁ గమ్ములు నాటుమని భార్యకుఁ జెప్పి రెండవదానికిఁ బూనుకొనెను. భ్రమరాంబ దినదినమును "కనబడుతోందా అండీ?" యని యడుగుచుండెను. "కనబడకేమే! నీ ముక్కుపుడకతో సహా కనబడుతోంది" అని యాతఁడు నవ్వుచుండెను.

ఆ యపరాహ్ణమున ఱెక్కలు రెంటిని నతుకవలసియుండెను. కొనలు కొంచెము మీఁదికి లేచియుండుటకై యిరుప్రక్కల వాలుదిమ్మెలమర్చి యాచారి చేయి చాఁచెను.

"మొదటి రెక్క దింపవే."

భ్రమరాంబ దింపి రెండవదాని ప్రక్కఁ బెట్టెను. పెట్టిన చేయి యట్లే నిలిచిపోయెను. ఆమె వాడకెల్ల రవికలు కుట్టునది. రవికచేతులు రెండును ఒక్కప్రక్కకే కత్తిరింపఁబడినచోఁ గుట్టువారి గుండె యెట్లు జాఱునో యామె గుండె యట్లే జాఱెను. అవి రెండును ఎడమఱెక్కలే.

తప్పెక్కడ జరిగెనో యామెకు వెంటనే తెలిసినది. ఆనాఁడు కాగితము తిరుగవేసి చూడఁగా వెనుక గీఁత యొక్కటియు లేకుండెను. ఆయన పొరపాటునఁ జెప్పినాఁడు గాఁబోలునని తలంచి గీఁతలు పైకుండునట్లే మరల నంటించినది. చెప్పుటకు నోరు తెఱచినది కాని యంతకంటె భయంకరమైన యూహయొకటి తోఁచి నోరు మూసికొన్నది. పదునెనిమిదిదినములు మొదటిఱెక్క యాయన కెదురుగానే వ్రేలాడెను. ఒక్కసారి తలయెత్తి చూచిన నింతటి పనివానికిఁ దప్పు తెలియకుండునా? ఇప్పుడును ఆయన ముఖము ఱెక్కలవైపే తిరిగియున్నది.

"రెండూ చూశారా?" అని యడిగెను. కంఠము వణఁకెను.

"చూశాగా. ముచ్చటగా కుదిరాయి."

భ్రమరాంబ యాతని కన్నులముందఱఁ జేయి యాడించెను. ఱెప్ప కదలలేదు.

"ఎన్నాళ్ళయిందండీ?"

"పోయిన అమావాస్యకే పూర్తిగా పోయింది. చెబితే పని ఆపించేస్తావని చెప్పలేదే. నేను చూడకపోతే మానె, ఎగిరితే చాలనుకున్నాను."

ఇంతకు నామె కంఠ మేల వణఁకెనో తెలిసికొనఁగోరి యాతఁడు ఱెక్కలను దడవెను. మందమైన ముందంచును, పలుచనైన వెనుకయంచును, గుండ్రని కొనను వ్రేళ్ళతో వెదకెను. రెండవఱెక్కను మరల వెదకెను.

"రెండూ ఎడమవే. కళ్ళు పోయినా చేతులున్నాయనుకున్నానే. చేతులు కూడా పోయాయి."

కన్నులు పోయిననాఁడు కంటఁ దడి పెట్టని మనుష్యుఁడు మోకాళ్ళలోఁ దల దూర్చి పసివానివలె నేడ్చెను. భ్రమరాంబకుఁ బ్రాణము పోయినంత పనియయ్యెను. ఆమె యాతని చేతులు రెండును బట్టుకొని, "మీ చేతులు తప్పు చెయ్యలేదండీ. వెనక గీతల్లేవని కాగితం నేనే తిరగెయ్యలేదు. ఒట్టు, నన్ను తిట్టండి" అని వాపోయెను.

ఆచారి తిట్టలేదు. ఆ చేతుల నెదకుఁ జేర్చుకొని యూపిరి తిరిగినవానివలె నొక్కక్షణము కూర్చుండి, "కొబ్బరినూనె రాస్తే గీతలు వెనక్కి కనబడతాయే. అది చెప్పడం నేనే మరిచిపోయా" ననెను.

వేఱుకొయ్య లేదు. మదరాసునుండి వచ్చులోపల వానలు దిగును. చీఁకటిలోఁ దనచేతులు గట్టిన యా ఱెక్కనే గోరువెచ్చని నీటఁ దడిపి బద్దబద్దగా నూడఁదీయవలసివచ్చెను. ఊడినప్రతిబద్దయు ఆతని ప్రాణమును గొంత లాగెను. రెండు విఱిగినవి. భ్రమరాంబ వానిని దారముతోఁ గట్టి యతికెను. నూనెకాగితముపై ఆమె కన్నులును ఆతని వ్రేళ్ళును గలిసి పండ్రెండుదినములు పనిచేయఁగాఁ గుడిఱెక్క పుట్టెను. వాలుదిమ్మెలమీఁద నతికిననాఁడు జిగురాఱువఱకు ఆతఁడు కీలు విడువలేదు.

మఱునాఁటియుదయమున కవాతుమైదానమందు రబ్బరుత్రాటిని మెలివెట్టి మౌనేశ్వరాచారి తనచేతులతోనే విమానమును విడిచెను. బరబరయను చప్పుడు ఎదుటినుండి మీఁదికిఁ బోయి పలుచనయి సముద్రపుగాలిలోఁ గలిసిపోయెను. ఆతఁడు చెవి నిక్కించి నిలిచియుండెను.

"ఎక్కడిదాకా పోయిందే?"

"చాలా పైకి పోయిందండీ" అని భ్రమరాంబ చెప్పెను. తలయెత్తియున్న యామెకు ఆకాశమంతయు నీరై కనఁబడుచుండెను. కొంగుతో నెంత తుడిచినను ఆ నీరు తఱుగలేదు. ఆ యుదయమున నా విమానము చక్కఁగా నెగిరెను. దానిఁ జూడనివారు ఆ మైదానమున నిరువురు.