పన్నెండు గీతల చీటీ

గౌను అంచు మళ్లీ చిరిగింది. నిన్నటి డ్యాన్సు విందులో ఎవరో దొరగారి బూటు కింద పడింది. తమాయే చాప మీద కూర్చుని కుడుతుంటే అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయింది.

"పరాయి మగాళ్ల చేతులు పట్టుకు తిరిగొచ్చావు. స్నానం చెయ్యకుండా నా బియ్యం జాడీ ముట్టుకోకు అమ్మాయ్!"

పంపించింది మీ అబ్బాయేగా అని తమాయే అనలేదు. అని ఏం లాభం? టోక్యోలో పెద్ద ఉద్యోగుల భార్యలందరిదీ ఇదే గతి. జపాను వాళ్లూ నాగరికులేనని తెల్లవాళ్లను నమ్మించాలట. ఆ నమ్మించే చాకిరీ మాత్రం ఆడవాళ్ల కాళ్లది.

నిజం చెప్పాలంటే ఆ అలసటలో ఒక మత్తుంది. నాలుగో పాటకొచ్చేసరికి కాళ్లు తనవి కావు. దీపాలు అలుక్కుపోతాయి, వయొలిన్లు ఎక్కడో దూరాన మోగుతాయి, కళ్లు తెరిచి ఉండగానే ఆమె నిద్రపోతుంది. అంతసేపు ఎవరూ ఏ పనికీ పిలవకుండా ఉండేది అక్కడే మరి. కిందటి చలికాలం అలా తిరుగుతుండగానే పొత్తికడుపులో మెలిపెట్టింది. అప్పుడు మూడో నెల. గౌను లోపలి ఇనుపకమ్మీల రవిక బిగించుకుని ఆఖరి పాటదాకా నవ్వుతూనే ఉంది. బిడ్డ దక్కలేదు. "మళ్లీ పుడతార్లే," అన్నాడు మొగుడు మునెనోరి. ఆ నెలలోనే అతనికి పెద్ద పదవి వచ్చింది.

ఇప్పుడు మళ్లీ మూడో నెల.

"ఏవండీ, ఇవాళ్టికి నన్నొదిలేయండి. భయంగా ఉంది."

"కడుపు ఇంకా కనబడట్లేదుగా! ఇది దేశసేవ తమాయే," అంటూ డ్యాన్సు చీటీ చేతిలో పెట్టాడు. పన్నెండు గీతలు, పన్నెండు పేర్లు, అన్నీ అతని దస్తూరీయే. పాటకో గీత; ఏ గీత మీద ఎవరి పేరుంటే ఆ పాటకు వాళ్లతో ఆడతానని మాటిచ్చినట్టే. వేరే ఎంతటివాడొచ్చి అడిగినా వంగి దణ్ణం పెట్టి వెళ్లిపోవాల్సిందే.

విందుకి వెళ్లే గుర్రబ్బండిలో అతను కునుకు తీస్తుంటే, చీటీకి వేలాడే చిన్న పెన్సిలు తమాయే చేతికి తగిలింది. పన్నెండు పేర్లూ కొట్టేసింది. పన్నెండు గీతల మీదా ఒకే పేరు రాసింది.

మొదటి పాటకే లావుపాటి విదేశీ దౌత్యాధికారి ఒకాయన వచ్చి, డ్యాన్సుకు పిలుస్తూ వంగాడు. తమాయే చీటీ చూపించింది. ఆయన కనుబొమలెగరేసి, ఇంకోసారి వంగి, వెళ్లిపోయాడు. మునెనోరి పరుగున వచ్చి చీటీ లాక్కున్నాడు.

"ఎవరీ కొజుయే? పన్నెండూ ఒక్కరికేనా? నా పరువేం కావాలి? లే!"

తమాయే కుర్చీలో వెనక్కి వాలి కడుపు మీద చెయ్యి వేసుకుంది.

"మన బిడ్డండీ. రావడానికి ఇంకా ఆరు నెలలుంది. అందాకా నేను లేవను."