గీత వంచమంటే బాట వంచాను

నాలుగింటికి ఆత్మారాం సార్ మా బొమ్మలు చూస్తారు. నిజామాబాద్ బస్టాండు వెనక మేడ మీద కంప్యూటర్ సెంటర్‌లో బొమ్మలను కదిలించడం నేర్చుకున్నవాళ్లం తొమ్మిది మందిమి. సార్ తన స్టూడియోలోకి ఒక్కరినే తీసుకుంటారు. ఆ ఒక్కరు నేను కాకపోతే రేపటి నుంచి అమ్మ పక్కన బీడీల చాట ముందు కూర్చోవాలి. ఆ మాట తేల్చుకోవడానికే ఎడ్లబండి తోలే మా బాపు కూడా బోధన్ బస్సులో నాతో వచ్చాడు.

పరీక్షకు ఇచ్చిన బొమ్మ చెరకు బండి. అది పొలం నుంచి కదిలి షుగర్ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగాలి. బయలుదేరే చోట ఒక కీ, అంటే ఏ క్షణానికి బండి ఎక్కడుండాలో చెప్పే గుర్తు, ఆగే చోట ఇంకో కీ పెట్టాను. మధ్యదంతా కంప్యూటరే నింపుతుంది. నడిపి చూస్తే బండి దిగ్గున లేచి, ఒకే వేగంతో పోయి, గోడకు గుద్దుకున్నట్టు ఆగింది.

"గీత వంచు గంగామణీ" అని, వరసల వెంట తిరుగుతున్న సార్ ముందుకు వెళ్లిపోయారు.

ఏ గీత అని అడగడానికి నాకు నోరు రాలేదు. తెర మీద కనిపించే గీత బాట ఒక్కటే. దాన్నే వంచాను. బండి మెలికలు తిరుగుతూ పొలాల్లోకి దిగిపోయింది.

పక్క సీటులోని గోదావరి పగలబడి నవ్వింది. "ఓయ్ గంగా, నీ ఎడ్లు కల్లు తాగినయా ఏందే?"

అందరూ తిరిగి చూశారు. నా చెవులు కాలిపోయాయి. వెనక బెంచీ మీంచి బాపు లేచి వచ్చాడు. గబగబా బాటను మళ్లీ తిన్నగా చేసి నడిపాను.

బాపు మూతి విరిచాడు. "నిండు బండి గట్ల ఉరుకుతదా బిడ్డా? ముందుగాల ఎడ్లు మెడలు వంచి గుంజుతయి. చక్రం జరంత కదుల్తది. గప్పుడు ఊపందుకుంటది. ఆపుడు గూడ గంతే. గేటు కండ్ల పడంగనే పగ్గం గుంజుతం. ఒక్కసారే ఆపితే బరువంత ఎడ్ల మీదికొస్తది."

మెల్లగా కదిలి, ఊపందుకుని, మెల్లగా ఆగడం! పదో తరగతి గ్రాఫు కాగితం కళ్ల ముందు మెదిలింది. కింద కాలం, పక్కన దూరం. ఒకే వేగమైతే తిన్నని గీత. బొమ్మ కింద మూసి ఉన్న గ్రాఫు తెరిచాను. రెండు కీల మధ్య స్కేలు పెట్టి గీసినట్టు ఒక గీత! సార్ వంచమన్నది దీన్ని!

మొదటి కీకి ఉన్న చిన్న పిడిని పట్టుకుని నేలబారుగా లాగాను. గీత కాసేపు అడుగునే పాకి, తర్వాత పైకి లేచింది. చివరి పిడిని వెనక్కి లాగాను. గీత పైన చదునైంది. మళ్లీ నడిపాను.

బండి బరువుగా కదిలింది. ఊపందుకుంది. గేటు దగ్గర మెల్లమెల్లగా ఆగింది.

"అగో! గిది నిండు బండి!" బాపు కేకకు సార్ వచ్చేశారు. రెండుసార్లు చూశారు.

"మంచిగున్నది. తొమ్మిదిట్ల నీది, గోదావరిది రెండే గిట్ల మంచిగ ఆగినయి. మరి ఖాళీ బండైతే ఏం జేస్తరు?"

గోదావరి తల గోక్కుంది. ఈసారి నేను నోరు తెరిచాను.

"మొదటి పిడి పొట్టిగ జేస్త సార్. బరువు లేదు గద, ఎడ్లు జల్ది అందుకుంటయి. పగ్గం గూడ గేటు దగ్గరికొచ్చినంకనే గుంజుతం. రెండో పిడి గూడ పొట్టిదే."

అంత పెద్దగా నేనెప్పుడూ మాట్లాడలేదు.

సార్ నవ్వారు. "సోమవారం తొమ్మిదింటికి స్టూడియోకు రా."

"ఖాళీ బండి ఇప్పుడే జేసి చూపియ్యనా సార్?"

ఐదు గంటల బస్సుకు వేళైంది. బాపు నా పక్కకు కుర్చీ లాక్కున్నాడు. "ఆరింటికింకోటున్నది తియ్యి. నడుపు బిడ్డా."