మేనత్త చెప్పాల్సిన పేరు

కాలితో పెడల్ తొక్కగానే కత్తి దిగి జీడిపిక్క రెండుగా విచ్చుకుంది. రాజకుమారి సన్నటి ఇనుప పుల్లతో పప్పు విరగకుండా లాగి ట్రేలో పడేసింది. పలాసలోని ఈ షెడ్డుకి వయసు పిల్లగా వచ్చిందామె. ఇప్పుడు పాపిట దగ్గర జుట్టు నెరిసింది. జీడినూనె పీల్చి పీల్చి వేళ్ల చివర్లు నల్లబడ్డాయి. గోళ్ల చుట్టూ చర్మం పొరలు పొరలుగా లేస్తుంది. ఎంత ఆముదం రాసినా, ఎంత బూడిద పులిమినా ఆ నలుపు ససేమిరా కదలనంటుంది.

ఇవాళ మాత్రం ఆమె మనసు పిక్కల మీద లేదు.

"ఏటే, నీలో నువ్వే నవ్వుకుంతన్నావు?" అంది పక్క మిషన్ మీది మరిడమ్మ.

"మద్దేనం మా తమ్ముడి కూతురి బారసాల గదే. మేనత్తని, నానే సెవిలో పేరు సెప్పాల. మా అమ్మ పేరు."

వాళ్లమ్మ దేముడమ్మ. తమ్ముడు నరేష్‌కి మాటలు రాకముందే పోయింది. అప్పటినుంచీ వాణ్ణి ఒళ్లో పెట్టుకుని పెంచింది రాజకుమారే. అమ్మది ఒక్క ఫొటో అయినా లేదు. తీయించాలని ఎవరికీ తోచలేదు, తోచినా స్టూడియోకి వెళ్లే తీరిక ఎవరికుంది గనుక? మిగిలిందల్లా ఆ పేరు. దాన్ని ఆ ఇంట్లో మళ్లీ ఎవరైనా కేకేసి పిలిస్తే చాలని ఆమె ఆశ.

మరదలు అరుణశ్రీ మాత్రం ఫోన్లో వెతికి వెతికి నైరా అనే పేరు పట్టుకుంది. "దేముడమ్మంటే బళ్లో నవ్వుతారు వదినా," అంది ముద్దుగానే. రాజకుమారి బేరానికి దిగింది. పోనీ దేవి అందాం అంది. పాతదన్నారు. దేవిక అంది. అదీ పాతదేనన్నారు. చివరికి కాగితాల్లో నైరా, చెవిలో దేముడమ్మ అని ఒప్పందం కుదిరింది. రాజకుమారికి అదే పదివేలు. మొదట చెవిన పడ్డ పేరే మనిషికి అంటుకుంటుందనీ, తర్వాత పెట్టినవన్నీ పైపై పేర్లేననీ వాళ్ల నమ్మకం. నరేష్ ఆమె చేతిలో చెయ్యి వేసి మరీ అన్నాడు, "అమ్మ పేరే అప్పా. నువ్వే సెప్పాల." ఆ మాట మీద ఆమె నిశ్చింతగా ఉంది.

సగం పూటకే పని దిగి, నిమ్మచెక్కతో వేళ్లు తోముకుని, టెక్కలి చేరింది. నరేష్ ఇంటి ముందు షామియానా. గులాబీ రంగు బెలూన్ల నడుమ నైరా అని థర్మోకోల్ అక్షరాలు. రాజకుమారి ఉయ్యాల పక్కన కూర్చుని, ఇంకెవరికీ వినబడకుండా చెంగు అడ్డం పెట్టుకుని పాప మీదికి వంగింది.

"మొహం కనబడట్లేదండీ," అన్నాడు ఫొటోగ్రాఫర్.

"సెంగు తీసీమ్మా," అంది అరుణశ్రీ తల్లి దుర్గాభవాని. "నిజంగా సెప్పక్కర్లేదులే. మా అల్లుడు ఆస్పత్రిలోనే సెవిలో పేరు సెప్పీసినాడు. ఇది ఫొటోకే." పాపం, ఆమెకి ఒప్పందం సంగతి తెలీదు.

రాజకుమారి తమ్ముడి వైపు చూసింది. వాడు ఉయ్యాల తాడు సవరిస్తున్నాడు. తాడు సరిగ్గానే ఉంది.

"ఏ పేరు సెప్పినావురా?"

"నైరా అని." గొంతు తగ్గించాడు. "అమ్మ ముప్పయ్యేళ్లకే ఎలిపోయింది గదప్పా. అర్ధాయుష్షు మనిసి పేరు పిల్లకెందుకని అందరూ అంటే బయమేసినాది. నీకు సెప్తే ఏడుస్తావని..."

"అందరూ అన్నారు. నువ్వేటన్నావు?"

వాడు మళ్లీ తాడు అందుకున్నాడు.

మరదలు కాదని ఉంటే రాజకుమారి పోనీలే అనుకునేది. ఎన్నడూ చూడని అత్త మీద ఆ పిల్లకి ప్రేమెలా ఉంటుంది? కానీ వీడు! ఆ తల్లి పాలు తాగినవాడే ఆ తల్లి పేరు దోషమనుకున్నాడు. పైగా ఆ సంగతి దాచి, చెయ్యి పట్టుకుని నమ్మించి, తనని ఫొటోకి బొమ్మలా కూర్చోబెట్టాడు. ఇంతటి మోసం ఆమెకి ఎవరూ చెయ్యలేదు.

"కొంచెం నవ్వండి మేడమ్."

ఆమె వంగింది. పాప చెవి లేత చింతచిగురు రంగులో ఉంది. పాల వాసన వస్తోంది. ఇప్పుడు దేముడమ్మ అన్నా అడ్డుపడేవాళ్లు లేరు. కానీ ఇంటిల్లిపాదీ భయపడి వద్దనుకున్న పేరుని దొంగచాటుగా ఆ చెవిలో వెయ్యడానికి ఆమెకి మనసొప్పలేదు. అమ్మకి అంత కర్మ పట్టలేదనుకుంది. పెదవులు ఊరికే కదిపింది. ఫ్లాష్ వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

భోజనాలయ్యాక అరుణశ్రీ బొట్టు పెట్టి, ఆడపడుచు లాంఛనంగా చీర చేతిలో పెట్టింది. "ఇద్దరం ఏరి ఏరి తెచ్చాం వదినా, కట్టుకుని రండి." రాజకుమారి తలూపింది. పుట్టింటి చీర వదిలేస్తే ఇక ఆ గడపకి రాకపోకలు ఉండవని ఆమెకి తెలుసు. కాసేపు దాన్ని ఒళ్లోనే పెట్టుకుంది.

"అప్ప ఏదీ?" అని నరేష్ వెతుక్కునే వేళకి ఆమె పలాస బస్సులో ఉంది. ఉయ్యాల పక్కన ఖాళీ ప్లాస్టిక్ కుర్చీలో ఆకుపచ్చ పట్టుచీర, వేసిన మడత వేసినట్టే, పసుపు రాసిన కొన పైకి ఉంది.