ఇంట్లో పెద్దలు ఎంతమంది

అత్తగారి కాలిగోళ్ళు తీస్తుండగా తలుపు కిందనుంచి పన్ను కాగితం లోపలికొచ్చి పడింది. ఆవిడ గోళ్ళు బాగా ముదిరిపోయాయి. గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెడితే తప్ప కత్తెరకి లొంగవు. వారానికి నాకున్న ఒక్క సెలవూ ఇలా ఆవిడ పాదాల దగ్గర మొదలవుతుంది. అత్తగారు అని అలవాటుకొద్దీ అంటున్నాను గానీ, నిజానికి ఆవిడ ఇప్పుడు నాకేమీ కారు. వాళ్ళబ్బాయికీ నాకూ విడాకులై రెండేళ్ళు దాటింది. అతని కొత్త భార్యకి ఇల్లు ఇరుకైందట. నాలుగు నెలల కిందట తల్లిని నా గుమ్మం ముందు దింపి, పదిరోజులే, నీ దగ్గరైతే అమ్మకి అలవాటు కదా అని చెప్పి, ఇంజను ఆపకుండానే వెళ్ళిపోయాడు.

జాలిపడి ఉంచుకున్నానని ఎవరూ అనుకోవద్దు. నాకు ఆవిడంటే ప్రేమ లేదు. పదకొండేళ్ళు ఆ ఇంట్లో నేనేం చేసినా, ఇంట్లో ఊరికే ఉండేదానివి ఆమాత్రం చెయ్యలేవా అన్న మనిషి. ఆయనగారైతే నేను ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుంటూనే, నీకేం, పనా పాటా అనేవాడు. ఇప్పుడు ఆస్పత్రి లాండ్రీలో అదే పని చేస్తున్నాను. దుప్పట్లు ఉతికి, ఆరేసి, మడతపెట్టడం. దీనికి జీతం కూడా ఇస్తారని తెలిసిన మొదటి నెల నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ జీతం నాకూ నా పదేళ్ళ కూతురికీ ఒంటిపూటకి ఎక్కువ, రెండుపూటలకి తక్కువ. అయినా ఎలాగో నెట్టుకొస్తున్నాను. ఆవిణ్ణి పొమ్మనలేకపోయానంతే. పొమ్మంటే ఎక్కడికి పోతారో నాకు తెలియదు, ఆవిడకీ తెలియదు.

చేతులు తుడుచుకుని కాగితం విప్పాను. అద్దె ఇల్లయినా ఉండేవాళ్ళే కట్టాల్సిన పన్ను ఇది. పెద్దలు ఒక్కరే ఉండే ఇంటికి కొంత తగ్గిస్తారు, తక్కువ జీతమైతే ఇంకొంత సాయం చేస్తారు. ఈ రెండిటి మీదే నా బతుకు నడుస్తోంది. ఇప్పుడు మొదటిది తీసేశారు, రెండోది సగం చేశారు. మీ ఇంటి పరిస్థితిలో మార్పు గమనించాము అని ఉంది. మూడుసార్లు చదివాను. నా ఇంటి పరిస్థితిని ఇంత శ్రద్ధగా గమనించినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు. "ఏంటమ్మాయ్ అది?" అని అడిగారు అత్తగారు. ఏం లేదు, రెండో కాలు ఇలా పెట్టండి అన్నాను.

మర్నాడు సగంపూట జీతం వదులుకుని పన్నుల ఆఫీసుకి వెళ్ళాను. రెండు గంటలు నిలబడితే కిటికీ దగ్గరికి వంతు వచ్చింది. అక్కడి గుమాస్తా నా ఈడు మనిషే. కళ్ళజోడు నెత్తి మీదకి తోసుకుని కంప్యూటర్లో వెతికి, మీ చిరునామాకి ఇంకో పెద్దావిడ పేరు చేరింది కదా అంది. అప్పుడు గుర్తొచ్చింది. మోకాళ్ళకి మందులు ఉచితంగా ఇస్తారని చెబితే, ఆవిడ పేరు మా చిరునామాతో రాయించి కార్డు తెచ్చింది నేనే. ఆ మందుల కాగితం నాకంటే ముందే ఇక్కడికి నడిచొచ్చింది. నా మోకాళ్ళు నొప్పెడితే నేను కార్డు రాయించుకోలేదు. ఆవిడవి నొప్పెడితే పరుగెత్తాను. నా తెలివికి నేనే మొత్తుకోవాలి.

"ఆవిడ మీకేమవుతారు?" అని అడిగింది గుమాస్తా.

"అత్తగారు. అంటే, ఇదివరకు."

"ఇదివరకు అన్న గడి లేదమ్మా ఇందులో."

బంధువు కాని పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే అద్దెకున్నట్టే లెక్కట. అద్దె వస్తోంది కాబట్టి నాకు సాయం అంత అక్కర్లేదట. ఆవిడ నాకు పైసా ఇవ్వరు, నేనే పెట్టి పోషిస్తున్నాను అన్నాను. తీసుకోకపోయినా తీసుకున్నట్టే అనుకుంటుంది కంప్యూటర్ అంది. పోనీ ఆవిణ్ణి చూసుకుంటున్నందుకు ఏమైనా ఉంటుందా అని అడిగాను. ఉంటుంది, కానీ బంధువులకేనట. ఆమె చేతికిచ్చిన ఇంటి వివరాల ఫారం అటూ ఇటూ తిప్పి చూశాను. ఆ పెద్దావిడకి కొడుకున్నాడా, ఉంటే ఏం చేస్తున్నాడు అని అడిగే గడి ఎక్కడైనా ఉందేమోనని. ఎక్కడా లేదు. చివరికి గుమాస్తా గొంతు తగ్గించి, ఆవిడ ఊరికే వచ్చిపోయే మనిషి, ఇక్కడ ఉండరు అని రాసి పద్నాలుగు రోజుల్లో పంపండి, పాత రాయితీలే వస్తాయి, కాకపోతే చూడ్డానికి మనిషిని పంపినా పంపుతారు అంది. పాపం, మంచిదే. వెనక ఇంకా ముప్ఫైమంది నిలబడి ఉన్నారు.

రెండు వాయిదాలు తప్పితే జీతంలోంచే పట్టుకుంటారని కాగితం వెనక చిన్న అక్షరాల్లో ఉంది. జీతంలో పట్టుకుంటే ఇంటి అద్దె ఆగిపోతుంది. అద్దె ఆగితే మేం ముగ్గురం రోడ్డు మీదే. సిగ్గు చంపుకుని అతనికి ఫోన్ చేశాను. నీ ఇంటి పన్ను నేనెందుకు కట్టాలి, అయినా మా అమ్మ ఏమంత తింటుంది అన్నాడు. ఆ రోజు లాండ్రీలో పెద్ద మిషన్ల పక్కన నిలబడి ఏడ్చాను. ఆ చప్పుడులో ఎవరికీ వినపడదు. ఎంత ఏడ్చినా ఇంకో దారి కనపడలేదు.

పదమూడు రోజులు ఫారం అలమరలోనే ఉంది. పద్నాలుగో రోజూ ఆదివారమే వచ్చింది. పొద్దున లేచేసరికి అత్తగారు తన బట్టలూ మందులూ సంచిలో సర్దుకుంటున్నారు. పాపని పక్కన కూర్చోబెట్టుకుని, "ఎవరైనా వచ్చి అడిగితే నాన్నమ్మ ఇక్కడ లేదు అని చెప్పాలి, సరేనా?" అని నేర్పిస్తున్నారు. అది బుద్ధిగా తలూపుతోంది. నేను పనిలో ఉండగా పాప చేత కాగితం చదివించుకున్నారట.

"ఎవరూ లేరని రాయి. చూడ్డానికి వస్తే బస్టాపులో కూర్చుంటాను. నాకేం కష్టం కాదు" అన్నారు.

నాకు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. పెళ్ళయిన రెండో ఏడు, ఇంటింటికీ తిరిగి మనుషుల్ని లెక్కరాసుకునే ఆయన వచ్చాడు. నేను టీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ట్రేలో నాలుగు కప్పులు, అత్తగారు, అప్పటికింకా ఉన్న మామగారు, ఆయనగారు, వాళ్ళ ముగ్గురికీ, వచ్చినాయనకీ. ఇంట్లో ఎంతమంది అని అడిగితే కుర్చీలోంచి ఈవిడే చెప్పారు, ముగ్గురం అని. నేను వంగి అందరికీ టీ ఇచ్చాను. ఎవరూ సరిదిద్దలేదు. నేనూ నోరు విప్పలేదు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. ఈ ఆదివారం అడిగేశాను.

"లెక్కలవాళ్ళు వచ్చినప్పుడు ముగ్గురం అన్నారు, మీకు గుర్తుందా అత్తయ్యా?"

ఆవిడ సంచి ముడి వేసుకుంటున్నారు. మర్చిపోయారేమో అనుకున్నాను. మర్చిపోతేనే నయమనీ అనుకున్నాను.

"గుర్తుంది. అందుకే చెప్తున్నా. నన్నూ రాయకు" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. తప్పయిందని ఒక్కమాట అంటే సరిపోయేదానికి, ఆవిడ లేకుండా పోయి బాకీ తీర్చుకుందామనుకుంటున్నారు. అలమరలోంచి ఫారం తీసి కూర్చున్నాను. పాప నా చేతిలో పెన్ను వైపు చూస్తోంది. రేపు దానికీ ఎవరో ఒక ఇంట్లో ట్రే ఇచ్చి నిలబెడతారు.

ఇంట్లో పెద్దలు ఎంతమంది అన్న గడిలో ఇద్దరు అని రాశాను. కట్టలేనని తెలిసే రాశాను.