తడి బరువు

సరూర్‌నగర్‌లోని నా చింతపండు దుకాణంలో తూకం ఎప్పుడూ నేనే వేస్తాను. మనుషుల మాట కన్నా కాటా మాట మీదే నాకు గురి. యాదలక్ష్మి కూతురి విషయంలోనూ దాన్నే నమ్మాను.

యాదలక్ష్మిది నల్లగొండ దగ్గరి పల్లె. మా దుకాణం వెనక కూర్చుని చింతపండు గింజ తీస్తుంది. రెండేళ్ల హన్సిక పక్కనే గోనెసంచి మీద పడుకుని ఉంటుంది. విరేచనాలు పట్టినప్పటి నుంచి ఆ పిల్ల చాయ్‌లో ముంచిన బిస్కెట్టు తప్ప ఏమీ తినడం లేదు.

"జర దవాఖానకు పోయొస్త సేటూ" అంది యాదలక్ష్మి.

కొత్త సరుకు దిగిన రోజులు. పని చేసే చేతులు తక్కువ. పాపను కాటా మీద కూర్చోబెట్టమన్నాను. కిందటి నెల తూచినప్పటికన్నా ఎక్కువే తూగింది.

"బరువు పెరిగిందమ్మా. బుగ్గలు చూడు, ఎలా నిండాయో. సోమవారం వెళ్దువుగాని."

సోమవారానికి పాప కళ్లు తెరవలేదు. నేనే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. నర్సు పాప పాదాన్ని వేలితో నొక్కి వదిలింది. గుంట అలాగే ఉండిపోయింది.

"ఇది ఒళ్లు కాదు, నీరు. సరైన తిండి లేక పట్టిన వాపు" అంది.

వారం తర్వాత వార్డుకు వెళ్లేసరికి యాదలక్ష్మి సంచి సర్దుతోంది.

"ఇంటికి పోత సేటూ. గీళ్లు కడుపు నిండ పెడ్తలేరు. గిన్ని గిన్ని పాలు తాపుడే. ఉన్న బరువు గూడ దిగింది. మీ కాటా మీదనే నయముండె."

"ఒక్కసారే ఎక్కువ పెడితే ప్రాణానికే ముప్పమ్మా. వాపు తీశాకే కండ పడుతుంది" అంది నర్సు.

యాదలక్ష్మి ఆమె వైపు చూడలేదు. నా వైపే చూస్తోంది. నేను ఊరుకుంటే నా మాట నిలుస్తుంది, పాప నిలవదు.

"యాదమ్మా, మన బస్తాల మీద నీళ్లెందుకు చల్లుతాం?"

"తూకం రానీకి."

"ఆరితే?"

సంచి సర్దుతున్న చేయి ఆగింది.

"ఆ రోజు నేను తూచింది నీళ్లమ్మా. పాపను కాదు."

ఆమె పాప పాదాన్ని నొక్కి చూసింది. ఈసారి గుంట పడలేదు.

"తడి సరుకని చేత్తో పట్టి చెప్తరు గద సేటూ. గా దినం నా బిడ్డను పట్టి సూడలె."

సంచిని మంచం కిందికి తోసింది. నర్సు పాల గ్లాసు తెచ్చింది. అందుకుందామని చేయి చాచాను. యాదలక్ష్మి నన్ను దాటి తనే అందుకుంది.